చెల్లుకు చెల్లు

మా బావకు మాటల విషయంలో మహా పిసినారితనం. ఇంట్లో పంచదార అయిపోతే అయిపోయిందని చెప్పడు, ఖాళీ డబ్బా తెచ్చి మా అక్క ముందు పెడతాడు. బజారుకు వెళ్ళివస్తే ఏం తెచ్చాడో చెప్పడు, సంచి బల్ల మీద బోర్లిస్తాడు. అతనితో ఊరంతా తిరిగి వచ్చినా మీకు తెలిసేది ఒక్కటే, బస్సులో అతనికి కిటికీ పక్క సీటు ఇష్టమని. ఇలాంటి మనిషి నీకెలా నచ్చాడే అని నేనొకసారి అక్కను అడిగాను. "అప్పట్లో అది సిగ్గనుకున్నానురా" అంది.

నా సంగతి కూడా చెప్పాలి. నేను కట్టుడు పళ్ళు చేస్తాను. పళ్ళ డాక్టర్లు దవడ అచ్చు పంపిస్తారు, నేను దానికి సరిపడా పళ్ళు కూర్చి, చిగుళ్ళు అమర్చి, అరగదీసి, మెరుగుపెట్టి పంపిస్తాను. బావ వాళ్ళింటి ముందుగదే నా వర్క్‌షాపు. గోడ పలచన, తలుపుకు గడియ సరిగా పడదు. అందుకని ఆ ఇంట్లో జరిగేవన్నీ నా చెవిన పడతాయి. చెవులు రిక్కించి వింటానని మా బావ అంటాడు గానీ, రిక్కించాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

బావ ఉద్యోగం క్వాంటం కంప్యూటర్లకు పని చెప్పే సాఫ్ట్‌వేర్ రాయడం. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమని ఒకసారి పట్టుబట్టాను. అరగంట తల గోక్కుని, నా చేతిలోని పళ్ళ సెట్టు పక్కన పెట్టించి, చెప్పాడు.

"ఆ యంత్రానికి వచ్చినవి నాలుగైదు చిన్న పనులేనోయ్. వాటిని గేట్లంటాం. ఒకటి తిప్పుతుంది, ఒకటి సగమే తిప్పుతుంది, ఒకటి రెండింటిని ముడిపెడుతుంది. అంతే. కానీ శాస్త్రవేత్తలు అడిగేవి కొండంత పనులు. ఆ కొండను ఈ చిన్న గేట్ల వరసగా విడగొట్టాలి. ఆ వరసే సర్క్యూట్. విడగొట్టేది మా సాఫ్ట్‌వేర్."

"విడగొట్టేస్తే అయిపోతుందిగా?"

"అవ్వదు. యంత్రం మరీ సుకుమారం. ఒక్కో గేటుకీ కాస్త తప్పు దొర్లుతుంది. గేట్లు ఎక్కువైతే చివరికి జవాబు రాదు, చెత్త వస్తుంది. అందుకని ఎంత తక్కువ గేట్లతో పని ముగిస్తే అంత మంచిది."

తక్కువతో సరిపెట్టడమే ఉద్యోగమైతే మా బావను మించినవాణ్ణి ఎక్కడ వెతికి తెస్తారు? ఒకప్పుడు ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పేవాడు. అక్కడ కూడా పిల్లలు రెండు పేజీల్లో చేసిన లెక్కను నాలుగు లైన్లకు కుదించి, ఆ నాలుగులోనూ ఒకటి కొట్టేసేవాడట. కొత్త ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే టీం అంతా అతన్ని కత్తెర మాస్టారని పిలవడం మొదలుపెట్టారు. ఎవరు ఎంత పొడుగు సర్క్యూట్ తెచ్చినా, దానిలో ఒకదాన్నొకటి రద్దు చేసుకునే జతలు వెతికి కత్తిరించే భాగం అతను రాసిందే.

"ఇక్కడ కుడికి తిప్పమని ఉంటుంది. పక్కనే ఎడమకి తిప్పమని ఉంటుంది. రెండూ కొట్టేస్తాను. యంత్రం కదలక్కర్లేదు. చెల్లుకు చెల్లు" అని చేతులు దులుపుకున్నాడు బావ. ఆ భాగానికి 'చెల్లు' అనే పేరు పెట్టుకున్నాడు కూడా.

ఆ చెల్లును ఆఫీసులో వదిలేసి వస్తే గొడవే ఉండేది కాదు. ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. పక్కింటాయన మా గేటుకు అడ్డంగా కారు పెట్టాడనుకోండి, బావ వెళ్ళి నాలుగు దులిపి వస్తాడు. సాయంత్రం ఆయన నవ్వుతాడు, ఇతనూ నవ్వుతాడు. చెల్లుకు చెల్లు. అక్క ఏదో అంటుంది, ఇతను ఏదో అంటాడు, అన్నం వేళకు కంచాలు పెడతాడు. చెల్లుకు చెల్లు. ఏ గొడవైనా మొదలైన చోటికి వచ్చి ఆగితే చాలు, అది జరగనట్టే లెక్క. ఇలాంటి మొగుడు దొరకడం అదృష్టమని మా బంధువుల్లో ఆడవాళ్ళు అంటుంటారు. వాళ్ళెవరూ అతనితో కాపురం చెయ్యలేదు.

బావ వాళ్ళమ్మ, మా అత్తయ్య, ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశాక, ఈ వయసులో ఇక మంచమేనన్నారు డాక్టర్లు. మా అక్క ఒప్పుకోలేదు. ఆమె ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. కాళ్ళు విరిగినవాళ్ళకూ, పక్షవాతం వచ్చినవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పడమే ఆమె పని. ఊళ్ళోవాళ్ళకు నేర్పేదాన్ని, మా అత్తయ్యకు నేర్పలేనా అంది.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే అదే పని. వెనక గదిలో మంచం మీంచి లేపి, వాకరు చేతికిచ్చి, అలమారా పక్కనుంచి, భోజనాల బల్ల పక్కనుంచి, నా గది ముందునుంచి వీధి తలుపు దాకా నడిపించేది. మళ్ళీ వీధి తలుపు దగ్గర్నుంచి మంచం దాకా. వాళ్ళు నా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నేను అరగదీసే మిషను ఆపేవాణ్ణి. అత్తయ్య లోపలికి తొంగి చూసి, "నా పళ్ళెప్పుడిస్తావయ్యా?" అనేది. "నోట్లో ఉన్నవి ఎవరివి అత్తయ్యా?" అనేవాణ్ణి. తడిమి చూసుకుని నవ్వేది. ఇది రోజూ ఉండేది, రోజూ నవ్వేది.

బావ బల్ల దగ్గర పేపరు చదువుకుంటూ ఒకటే మాట అనేవాడు. "ఇంతసేపు నడిచి ఎక్కడికి చేరావమ్మా? మళ్ళీ మంచం మీదకేగా?" అత్తయ్య దానికీ నవ్వేది. అక్క నవ్వేది కాదు.

అలా కొన్నేళ్ళు నడిచింది అత్తయ్య. ఒకరోజు తలుపు దాకా వెళ్ళి, తిరిగొచ్చి పడుకుని, నిద్రలోనే పోయింది. బావ ఏడ్చాడు. లేదని అబద్ధం చెప్పను. కానీ ఏడుపు కూడా అతనిది పొదుపే. వారం తిరక్కుండా మంచం, పరుపు, వాకరు అన్నీ వృద్ధాశ్రమానికి పంపించేసి, గది కడిగించి, కిటికీలు తీసిపెట్టాడు. అక్క ఆసుపత్రి నుంచి వచ్చి ఆ ఖాళీ గది గుమ్మంలో నిలబడిపోయింది. ఆమెను ఓదార్చాలనిపించింది బావకు. నిజంగా ఓదార్పే, నాకు తెలుసు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేసి అన్నాడు.

"అమ్మకి బాధ తీరింది. నీకు చాకిరీ తీరింది. చెల్లుకు చెల్లు."

అక్క నెల తిరక్కుండా సూట్‌కేసు సర్దుకుంది. "కొన్నాళ్ళు వేరే ఉంటానండీ" అంది. బావ "సరే" అన్నాడు. ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని వర్షాకాలమంతా అక్కడే ఉండిపోయింది. ఎందుకు వెళ్ళావని నేనడిగితే, అడగాల్సినవాళ్ళు అడిగితే చెప్తానంది. వానలు తగ్గాక ఒక సాయంత్రం అదే సూట్‌కేసుతో తిరిగొచ్చింది. బావ తలుపు తీశాడు. సూట్‌కేసు అందుకుని, "వచ్చావా, టీ పెడతా" అని లోపలికి నడిచాడు.

అంతే. ఎందుకు వెళ్ళావని అడగలేదు. అక్కడ ఎలా ఉన్నావని అడగలేదు. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. ఒక్క మాట కూడా అనలేదట, ఏం మనసండీ ఆయనది అని మెచ్చుకున్నారు. బావ కూడా తనది పెద్ద మనసే అనుకున్నాడు. అతని లెక్కలో ఆమె వెళ్ళింది, వచ్చింది. రెండూ కొట్టేశాడు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, ఒక గురువారం, అక్క మధ్యాహ్నమే ఇంటికి వచ్చి నా గదిలో స్టూలు మీద కూర్చుంది. చేతికి దొరికిన పై పళ్ళ సెట్టు తిప్పి తిప్పి చూస్తూ మాట్లాడింది.

"దూరంగా వేరే ఊళ్ళో కొత్త ఆసుపత్రి పెడుతున్నారు. నడక విభాగం నన్నే చూసుకోమంటున్నారు. సోమవారం సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తారట, ఏ సంగతీ చెప్పమన్నారు."

"బావకి చెప్పావా?"

"చెప్పాను. నీ ఇష్టం అన్నారు."

"మరి నీకు వెళ్ళాలనుందా?"

"లేదు."

"లేకపోతే మానెయ్."

అక్క పళ్ళ సెట్టు బల్ల మీద పెట్టింది. "అన్ని నెలలు ఇంట్లోంచి వెళ్ళిపోయి వచ్చానురా. ఏమైందే, ఎందుకు వెళ్ళావే అని ఒక్కసారి అడిగారా? తిట్టినా బాగుండేది. నేను వెళ్ళనే లేదన్నట్టున్నారు. నేనిక్కడున్నా లేకపోయినా ఆయనకి లెక్క సరిపోతుంది. ఈలోపల ఒక్కసారి అడిగారా, ఉంటాను. అడగలేదా, వెళ్తాను. ఈసారి వెళ్తే మళ్ళీ రాను."

"నేను చెప్తాలే బావకి."

"చెప్పావంటే జన్మలో నీ ముఖం చూడను. నువ్వు చెప్తే ఆయన అడుగుతారు, నాకు తెలుసు. చెప్పించుకుని అడిగితే అది అడగడం కాదు."

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వాళ్ళందరికీ తెలుసు. అక్కకు ఇంకా బాగా తెలుసు. అయినా చెప్పి, నా నెత్తిన బండరాయి పెట్టి, లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు పని మీద మనసు నిలవక, ఎవరికో కింది దవడకు పెట్టాల్సిన పన్ను పై దవడకు అతికించాను.

మర్నాడు సాయంత్రం బావ చిన్న డబ్బాలో కేకు ముక్క తీసుకుని నవ్వుకుంటూ నా గదిలోకి వచ్చాడు. ఆశ్చర్యం, తనంతట తనే మాట్లాడాడు.

"పెద్ద సర్క్యూట్ ఇచ్చినప్పుడు యంత్రం సరిగ్గా చేసిందో లేదో ఎలా తెలుస్తుందనుకున్నావు? అసలు జవాబు మాకే తెలీదు కదా. అందుకని మా టెస్టింగ్ అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. సర్క్యూట్ మొత్తం ముందుకి నడిపించాలి. తర్వాత ఒక్కో గేటునీ తిరగేసి మొత్తం వెనక్కి నడిపించాలి. తప్పులు దొర్లకపోతే మొదలైన చోటికే రావాలి. వందసార్లు పంపితే ఎన్నిసార్లు వచ్చిందో చూస్తే యంత్రం సత్తా తేలిపోతుంది."

"ఎన్నిసార్లు వచ్చింది?"

"తొంభై తొమ్మిది. ఎప్పుడూ తొంభై దాటి ఎరగం. మా మేనేజరు సోమవారం మధ్యాహ్నం బయటివాళ్ళని పిలిచి చూపిస్తున్నాడు. అంతా నీ చెల్లు చలవేనని అందరి ముందూ నాకు దండం పెట్టాడోయ్."

ఇంత సంతోషంగా ఉన్నప్పుడు చెబితే పని జరుగుతుందేమోనని నాలుక దురద పెట్టింది. అప్పుడే అక్క నీళ్ళ గ్లాసుతో గుమ్మం ముందునుంచి వెళ్తూ నా వంక ఒక చూపు చూసింది. కేకు ముక్క మొత్తం నోట్లో కుక్కుకున్నాను.

శనివారమంతా బావ మళ్ళీ మూగనోము పట్టాడు. అది మామూలేనని ఎవరూ పట్టించుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చి, దవడ అచ్చులు పక్కకు జరిపి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తెర మీద ఒక గ్రాఫ్ ఉంది.

"ఈ గీత ఎలా ఉంది?"

"తిన్నగా ఉంది. చక్కగా ఉంది."

"అదే రోగం" అన్నాడు బావ. "ఈ చివర చిన్న సర్క్యూట్లు. ఆ చివర దానికి వందరెట్లు పొడుగువి. చిన్నదానికీ తొంభై తొమ్మిదే, పెద్దదానికీ తొంభై తొమ్మిదే. గేటు గేటుకీ కాస్త తప్పు దొర్లే యంత్రం ఇది. పొడుగయ్యేకొద్దీ గీత కిందికి జారాలి. జారలేదు."

"మంచిదేగా?"

"ఎంత దూరం పోయొచ్చినా అలుపు లేదంటే, పోలేదనే కదోయ్ అర్థం."

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. తను రాసిన ప్రోగ్రాం తెరిచి, పైనుంచి కిందికి వేలితో చూపించుకుంటూ చదవడం మొదలుపెట్టాడు. నేను నా పనిలో పడ్డాను. చాలాసేపటికి అతని వేలు ఒకచోట ఆగిపోయింది.

"నేనే" అన్నాడు.

"ఏం చేశావు?"

"ముందుకి వెళ్ళే సగానికీ వెనక్కి వచ్చే సగానికీ మధ్యలో ఆ అమ్మాయి ఒక అడ్డుగీత పెట్టింది. ఆ గీత దాటి అవతలికి చూడొద్దని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడమన్నమాట. లేకపోతే నా చెల్లు ఊరుకోదుగా, ఈ సగమూ ఆ సగమూ ఒకదానికొకటి విరుగుడని పట్టేస్తుంది. ఆ గీత గేటు కాదు, యంత్రంలో ఏ పనీ చెయ్యదు. పోయిన నెలలో నేనే, ఏ పనీ చెయ్యనివన్నీ ముందుగా ఊడ్చిపారెయ్యమని ఒక లైను కలిపాను. శుభ్రంగా ఉంటుందని." బావ గొంతు సర్దుకున్నాడు. "ముందు గీత పోయింది. గీత పోయాక నడిమధ్య నుంచి జతలు జతలుగా మొత్తం కొట్టుకుపోయింది. మేము యంత్రానికి ఖాళీ కాగితం పంపాం. అది కదలకుండా కూర్చుంది. కదలకుండా కూర్చోవడంలో నూటికి తొంభై తొమ్మిది. ఆ ఒక్కటీ జవాబు చదవడంలో పొరపాటు."

నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకున్నాను. జాలేసింది. ఏడాదిగా టీం అంతా ఎదురుచూసిన ఫలితం అది. పప్పులో కాలేసింది కూడా మామూలుగా కాదు, మేనేజరు దండం పెట్టిన ఆ కత్తెరతోనే. జాలితోపాటు ఒళ్ళు కూడా మండింది. ఒక తిన్నని గీత చూసి, యంత్రం ఎక్కడికీ వెళ్ళి రాలేదని కనిపెట్టినవాడికి, పెళ్ళాం వెళ్ళివచ్చిందని మాత్రం తట్టడం లేదు. కోపం దిగమింగుకుని, "మరి రేపు ఏం చేస్తావు?" అన్నాను.

"చెప్పేస్తాను" అన్నాడు. తలుపు సందులోంచి వెనక గది కనిపిస్తోంది. అటే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

సోమవారం ఆఫీసులో ఏం జరిగిందో నాకు ఆ టెస్టింగ్ అమ్మాయే తర్వాతెప్పుడో ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది. పొద్దున్న మీటింగ్‌లో అందరూ కుర్చీలు సర్దుకుంటుంటే బావ లేచి నిలబడ్డాడట. "మనం యంత్రాన్ని పరీక్షించలేదు. దానికి ఏ పనీ ఇవ్వలేదు. అడ్డుగీతని నా ప్రోగ్రాం మింగేసింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నాది" అన్నాడట. మేనేజరు ముఖం జేవురించింది. మధ్యాహ్నం వచ్చేవాళ్ళకు ఏం చెప్పమంటారని అరిచాడు. మళ్ళీ చేస్తున్నామని చెప్పండి అన్నాడు బావ.

గీతలు అలాగే ఉంచి మళ్ళీ నడిపించారు. చిన్న సర్క్యూట్లకు ఎనభై చిల్లర వచ్చింది. పొడుగువాటికి జారి జారి సగానికి పడిపోయింది. బయటివాళ్ళ రాక రద్దయింది. చెల్లును పక్కన పెట్టేశారు, మళ్ళీ మొదటినుంచి అన్నీ సరిచూసేదాకా దాన్ని వాడొద్దన్నారు. బావను కూడా ఆ పని నుంచి తప్పించారు. ఏళ్ళ తరబడి రాసుకున్నది చేతిలోంచి పోతుంటే మీ బావగారు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదండీ అని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఆమె అతన్ని ఊరడించాలని, వాలిపోయిన ఆ కొత్త గీత చూపించి, "ఇప్పుడు ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో కనిపిస్తోంది సార్. కనిపిస్తే బాగుచేసుకోవచ్చు" అందట. బావ ఆ గీతను చూసి చూసి, "అవును, కనిపించాలి" అని, సెలవు చెప్పి ఇంటికి బయల్దేరాడు.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. నేను ఒక కింది దవడ అరగదీస్తున్నాను. అక్క ముందే వచ్చేసింది. ఫోన్ భోజనాల బల్ల మీద పెట్టుకుని, దాని ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. నాలుగు రోజుల్లో బావ అడగాల్సింది అడగలేదు. ఇంకో అరగంట కూడా లేదు.

బావ చెప్పులు విడిచి, సంచి కింద పెట్టి, తిన్నగా వెనక గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు.

"ఏమైందండీ, ఇంత పెందలాడే వచ్చారు?" అంది అక్క.

"నా పని తప్పయింది. ఆఫీసులో తప్పించారు." గుమ్మం వైపు తిరిగాడు. "ఒకసారి ఇలా రా."

అక్క చిక్కుళ్ళు పక్కన పెట్టి వెళ్ళింది. నేను మిషను ఆపేశాను.

"అమ్మని ఇక్కణ్ణుంచి ఎలా నడిపించేదానివి?"

"ఇప్పుడెందుకు అది?" అంది అక్క.

"నేను చూడలేదు."

"రోజూ బల్ల దగ్గర కూర్చుని చూశారుగా."

"లేవడం చూశాను. మళ్ళీ వచ్చి పడుకోవడం చూశాను. మధ్యలో చూడలేదు. చూపించు."

అక్క వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. తలుపు సందులోంచి నాకు ఇద్దరూ కనిపిస్తున్నారు. "ముందు వాకరు" అంది. బావ లేని వాకరును ముందుకు జరిపాడు. "తర్వాత దెబ్బ తగిలిన కాలు. ఆ తర్వాత బాగున్న కాలు. తొందరపడకండి. బరువు చేతుల మీద వెయ్యాలి." అంత పొడుగు మనిషి, ముసలమ్మలా వంగి, కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే నవ్వొచ్చేదే. నాకు నవ్వు రాలేదు.

అలమారా దగ్గర అక్క ఆగింది. "ఇక్కడ అత్తయ్య ఆగేది. ఆయాసమనేది గానీ, ఆయాసం లేదు. నాతో కబుర్ల కోసం ఆగేది."

"ఏం చెప్పేది?"

"మీ చిన్నప్పటి సంగతులు. మీరు మాటలు లేటుగా నేర్చారట. డాక్టర్ల చుట్టూ తిరిగిందట. ఇప్పుడు మాత్రం ఏం నేర్చాడులే అని నవ్వేది." అక్క అలమారాకు ఆనుకుంది. "నీకు కాళ్ళు పోతే నిన్నెవరు నడిపిస్తారే అని దిగులు పడేది. మా అమ్మ పోయినప్పుడు నాకు ఊహ తెలీదు. అమ్మా అని ఎవరినీ పిలిచి ఎరగను. ఇక్కడ, ఈ అలమారా దగ్గర, అత్తయ్యని అలా పిలిచేదాన్ని. ఆవిడ పోయాక ఏడుద్దామని వచ్చాను. మంచం లేదు. వాకరు లేదు. చాకిరీ తీరిందన్నారు మీరు."

బావ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.

"అందుకా వెళ్ళావు?"

అడిగాడు. ఎవరూ చెప్పకుండా, తనంతట తనే. నా చేతిలోని దవడ జారి బల్ల మీద పడింది.

"అందుకే" అంది అక్క. మళ్ళీ నడిపించింది. బల్ల దాటారు, నా గుమ్మం దాటారు. వీధి తలుపు దగ్గరికి వచ్చి ఆగారు. ఇక్కడ అత్తయ్య తలుపు మీద చెయ్యి వేసి, "వచ్చేశామే" అనేది. బావ తలుపు మీద చెయ్యి వేశాడు.

భోజనాల బల్ల మీద ఫోన్ మోగింది. ఐదయింది. అక్క తల తిప్పి చూసింది.

"అక్కడ, ఆ గదిలో, ఎలా ఉన్నావు?" అన్నాడు బావ.

ఫోన్ మోగుతూనే ఉంది. "ఒక మంచం, ఒక కుర్చీ" అంది అక్క. "పొద్దున్నే మెలకువ వచ్చేసేది, అత్తయ్యని నడిపించే టైముకి. ఏం చెయ్యాలో తెలిసేది కాదు. నేనే నడిచేదాన్ని. మంచం దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర్నుంచి మంచం దాకా. వాన కురుస్తున్నంత కాలం నడిచాను."

ఫోన్ ఆగిపోయింది.

"చాలా అలిసిపోయి వచ్చావు" అన్నాడు బావ. "నేను టీ పెడతానన్నాను."

అప్పుడేడ్చింది అక్క. అత్తయ్య పోయిననాడు ఏడవనిది, సూట్‌కేసు పట్టుకుని వెళ్ళేనాడు ఏడవనిది, వీధి తలుపుకు నుదురు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. బావ ఊరుకోమనలేదు. ఆమె మోచెయ్యి పట్టుకుని, ఏడుపు దానంతట అది తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు. నా కళ్ళద్దాలు మసకబారి పని సాగలేదు.

తర్వాత మెల్లగా వెనక్కి నడిచారు. ఈసారి ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పలేను. మళ్ళీ అలమారా దగ్గర ఆగారు, ఏదో మాట్లాడుకున్నారు, నాకు వినిపించలేదు. చెవులు రిక్కించినా వినిపించకపోవడం ఆ ఇంట్లో నాకదే మొదటిసారి. వెనక గదిలోకి వెళ్ళాక కూర్చోవడానికి మంచం లేక ఇద్దరూ కింద కూర్చున్నారు.

ఫోన్ మళ్ళీ మోగింది. బావ లేచి తెచ్చి అక్క చేతికి ఇచ్చాడు. ఆమె ఎత్తలేదు. మోగనిచ్చి, నేల మీద బోర్లా పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గొంతు ఎండిపోయిందండీ" అంది. "మిగతాది రేపు చెప్తాను."